సాఫ్ట్‌నర్ డ్రెయిన్ ఎల్బో మార్చుకోండి, కానీ పాత ముక్కను అప్పుడే పారేయకండి

మీరు రాసింది ఇదీ: విశాఖ మధురవాడలో సొంత ఇల్లు, మేడ మీద షెడ్డు కింద ఆటోమేటిక్ వాటర్ సాఫ్ట్‌నర్. హెడ్డు, అంటే ట్యాంకు మీద నీళ్ళ దారులు తిప్పే భాగం నుంచి డ్రెయిన్ పైపు బయల్దేరే చోట ఉన్న నల్ల ప్లాస్టిక్ ఎల్బో (వంపు ముక్క) దగ్గర లీకు. పగలంతా పొడిగానే ఉంటుంది, మూడు రోజులకోసారి తెల్లారేసరికి మడుగు. ప్లంబర్ వచ్చి ఎం-సీల్ పెట్టి వెళ్ళాడు, రెండు వారాలకి మళ్ళీ మొదలు. అమ్మినవాళ్ళని పిలిస్తే హెడ్డు మొత్తం మార్చాలంటున్నారు. నాన్నగారు ఊళ్ళో లేరు, నేనే చూసుకోవాలి, ఆ ఎల్బో ఒక్కటీ మేమే మార్చుకోలేమా అని అడిగారు.

మార్చుకోవచ్చమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి హెడ్డు మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే ఆ ఎల్బో లోపల ఒక చిన్న రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది పోగొట్టుకుంటే మాత్రం వందల్లో అయ్యే పని నిజంగానే వేలల్లోకి పోతుంది. దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతాదంతా మామూలు చేతిపని.

నేను ముప్పై ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో నీళ్ళలోని లవణాలు తీసేసే డీఎం ప్లాంటు నడిపాను. రిటైరై కూర్మన్నపాలెంలో ఉంటున్నాను. మీ ఇంట్లోది, మేం నడిపింది ఒకే జాతి యంత్రాలు. రెండింటిలోనూ పని చేసేది రెసిన్ గింజలే. మీ ట్యాంకులోని గింజలు నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. అవి నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పనికొస్తాయి. ఆ కడుగుడే రీజనరేషన్. ఆ కడిగిన నీళ్ళు బయటికి పోయే దారి మీ డ్రెయిన్ పైపు.

పగలు పొడి, తెల్లారితే మడుగు అన్నారు చూడండి, సగం జవాబు ఆ మాటలోనే ఉంది. మామూలుగా నీళ్ళు వాడుకునేటప్పుడు డ్రెయిన్ దారి మూసుకునే ఉంటుంది. చాలా మెషీన్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడే రీజనరేషన్ రాత్రి రెండు గంటలకి పెట్టి ఉంటాయి. అప్పుడు మాత్రమే ఆ ఎల్బోలో నీళ్ళు ప్రెషర్‌తో పరుగెడతాయి. కాబట్టి అప్పుడు మాత్రమే కారుతోందంటే తప్పు ఎల్బోదో, దాని ఓ-రింగుదో (బిగుతుకి వేసే రబ్బరు చుట్టు), పైపు బిగించిన క్లాంపుదో అయ్యుండాలి. అలాకాక పైపు చివర ఇరవైనాలుగు గంటలూ బొట్టు బొట్టుగా పడుతుంటే అది వేరే జబ్బు. హెడ్డు లోపలి పిస్టన్, సీళ్ళు అరిగాయని అర్థం. అప్పుడు కూడా సీల్ కిట్ మార్చుకుంటే చాలావరకు సరిపోతుంది.

ముందు ఏది కారుతోందో కళ్ళతో చూడండి. పగటి పూటే మాన్యువల్ రీజనరేషన్ బటన్ నొక్కి, బ్యాక్‌వాష్ (నీళ్ళు కింద నుంచి పైకి తన్ని గింజల్ని కడిగే దశ) మొదలయ్యాక ఎల్బో చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టండి. ఏ పక్క ముందు తడిస్తే లీకు అక్కడే. తెల్లటి ఉప్పు పొర గట్టిన చోటు కూడా సాక్ష్యమే, కానీ నీరు కిందికి జారి అక్కడ ఆరుతుంది కాబట్టి మూలం దానికి కొంచెం పైన వెతకాలి.

ఎం-సీల్ ఎందుకు నిలబడలేదో చెప్తాను. తడి మీద, ఉప్పు మీద అది సరిగ్గా పట్టదు. అదీకాక ఎల్బో, హెడ్డు కలిసే చోట బిగుతు ఓ-రింగు వల్ల వస్తుంది, అంటే కొంచెం కదిలే జాయింటు. కదిలేదాని మీద గట్టిపడేది పూస్తే పగులుతుంది. దాన్ని జాగ్రత్తగా గీకేయాలి. హెడ్డు ప్లాస్టిక్‌కి స్క్రూడ్రైవర్ గాటు పడితే కొత్త ఓ-రింగు కూడా కారుతుంది. చెక్క పుల్లో, పాత ఏటీఎం కార్డో వాడండి.

ఇప్పుడు ఆ బిళ్ళ సంగతి.

ఐదారేళ్ళ కింద సీతమ్మధారలో మా బావమరిది ఇంట్లో ఇదే ఎల్బో విరిగింది. మేడ మీద ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కిపోయింది, పైపు చేతికి తగలగానే పుటుక్కుమంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న బావగారు ఉండగా ప్లంబర్ ఎందుకని నన్నే పిలిచారు. నేను హార్డ్‌వేర్ షాపులో మామూలు హోస్ నిపుల్ (పైపు తొడిగే మెట్ల మూతి) కొని, టేపు చుట్టి, పది నిమిషాల్లో బిగించేశాను. పాత ముక్క చెత్తలోకి పోయింది. నీళ్ళు ఒక్క చుక్క కారలేదు. కాఫీ ఇచ్చారు, మర్యాద చేశారు. రెండో రీజనరేషన్ అయ్యాక పొద్దున్నే ఫోను: "బావా, మేడ మీద కాలు పెడితే జారిపోతోంది, ఏదో ఇసుకలా ఉంది."

వెళ్ళి చూస్తే తూము చుట్టూ తేనె రంగు గింజలు. గసగసాలంత ఉంటాయి, గుండ్రంగా, చేతిలోకి తీసుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. తెలిసినవాణ్ణి కదా, చూడగానే గుండె జారింది. ట్యాంకులోని రెసిన్ కొట్టుకొచ్చేసింది. ట్యాంకు మీది హెడ్డు తీసి కొలిస్తే దాదాపు పావు వంతు లేదు. చెత్తలో పడేసిన ఆ పాత ఎల్బోలోనే నీళ్ళ వేగాన్ని అదుపు చేసే బిళ్ళ ఉంది. ప్లాంటులో మాకు బ్యాక్‌వాష్‌కి ఫ్లో మీటర్ ఉండేది, ఇంటి మెషీన్‌లో ఆ పని మొత్తం రూపాయి నాణెమంత రబ్బరు చేస్తుందని నాకు ఆ పూట తట్టలేదు. కొత్త రెసిన్ నా డబ్బుతోనే కొనిచ్చాను, ఇప్పటికీ పండక్కి వెళ్తే ఆ ఇసుక కథ ఒకసారి వినాల్సిందే.

బ్యాక్‌వాష్‌లో నీళ్ళు కింద నుంచి పైకి తన్నుతాయి, గింజలు పొంగి వాటి మధ్య మురికి లేచి బయటికి పోతుంది. నీళ్ళ జోరు తక్కువైతే మురికి లేవదు, ఎక్కువైతే గింజలే లేచి పోతాయి. బిళ్ళ మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. ప్రెషర్ పెరిగితే రబ్బరు నొక్కుకుని ఆ రంధ్రం చిన్నదవుతుంది, తగ్గితే మళ్ళీ విచ్చుకుంటుంది. అందుకే పంపు జోరు కాస్త అటూ ఇటూ అయినా బయటికి పోయే నీరు ఇంచుమించు ఒకే లెక్కలో ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, సెట్టింగు అక్కర్లేదు.

దాని మీద ఒక అంకె ఉంటుంది, 2.4 అనో 024 అనో. అంటే నిమిషానికి 2.4 అమెరికన్ గ్యాలన్లు, సుమారు 9 లీటర్లు. ట్యాంకు లావుని బట్టి ఈ అంకె మారుతుంది. 8 అంగుళాల ట్యాంకుకి సాధారణంగా 1.5, 10 అంగుళాలకి 2.4, 12 అంగుళాలకి 3.5 వేస్తారు. మీ ట్యాంకు ఎంతో తెలియకపోతే బట్టలు కుట్టే టేపు దాని నడుం చుట్టూ పెట్టండి. 31 అంగుళాల పైచిలుకు వస్తే అది 10 అంగుళాల ట్యాంకు. స్టిక్కర్ మీద 1054 అని ఉన్నా అదే, 10 అంగుళాల లావు, 54 అంగుళాల ఎత్తు.

కొన్ని మెషీన్లలో బిళ్ళ ఎల్బోలో ఉంటుంది, కొన్నిటిలో ఎల్బో ఊడదీశాక హెడ్డు రంధ్రంలోనే కూర్చుని ఉంటుంది. రెండు చోట్లా చూడండి. బిళ్ళకి రెండు ముఖాలూ ఒకేలా ఉండవు, తిరగేసి పెడితే సరిగ్గా పనిచేయదు. అందుకే కదిలించకముందే ఫోన్‌తో దగ్గర నుంచి ఫోటో తీసుకోండి, అంకె ఏ వైపుకి ఉందో స్పష్టంగా కనపడాలి. బిళ్ళ గట్టిపడి, అంచులు చీలి ఉంటే అదే అంకె గలది కొత్తది వేయండి. బాగుంటే నీళ్ళతో కడిగి అదే వాడుకోవచ్చు.

ఇక సామాను. ఎల్బో మాత్రం మీ హెడ్డు మోడల్‌కి సరిపోయేదే తెప్పించండి. హెడ్డు మీదున్న మోడల్ నంబరు ఫోటో తీసి సాఫ్ట్‌నర్ స్పేర్లు అమ్మేవాళ్ళకి పంపితే చాలు. ఇది ఎందుకు పట్టుబట్టి చెప్తున్నానంటే, ఎల్బోని మర తిప్పి బిగించే మోడళ్ళలో ఒక మోసం ఉంది. మన షాపుల్లో దొరికే పైపు ఫిట్టింగులకి బీఎస్‌పీ మర ఉంటుంది. అమెరికా డిజైను హెడ్డులకి ఎన్‌పీటీ మర. అర అంగుళం, ముప్పావు అంగుళం సైజుల్లో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే, కాబట్టి ఒకదాంట్లో ఒకటి హాయిగా ఎక్కుతుంది. కానీ మర కోణం ఒకదానికి 55 డిగ్రీలు, ఇంకోదానికి 60. ఎక్కినట్టే ఎక్కి కారుతుంది, కారుతోందని ఇంకాస్త బిగిస్తే హెడ్డు పగులుతుంది. పూర్ణా మార్కెట్లో ఒక షాపు కుర్రాడికి ఇది చెప్పబోతే, "ఎక్కేసింది కద సార్, ఇంకేటి?" అన్నాడు. ఎక్కడం వేరు, పట్టడం వేరు.

ఓ-రింగు పాతదాన్ని చేత్తో పట్టుకెళ్ళి పక్కపక్కన పెట్టి కొనండి. నాకైతే ఆటోనగర్ వైపు హైడ్రాలిక్ సీళ్ళు అమ్మే చోట ఖచ్చితమైన కొలతలో దొరికాయి. రెండు కొనుక్కోండి, ఒకటి ఎక్కడో దొర్లిపోతుంది. దానికి పూయడానికి సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు. వ్యాజ్‌లైన్, బండి గ్రీజు, కొబ్బరినూనె ఇవేవీ వద్దు. పెట్రోలియం సరుకు తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆర్నెల్లలో మళ్ళీ మొదటికొస్తుంది.

క్లాంపు విషయంలో మన ఊరికి ప్రత్యేకమైన ముచ్చట ఒకటుంది. సముద్రపు గాలి, పైగా డ్రెయిన్‌లో పోయేది ఉప్పునీరు. స్టెయిన్‌లెస్ అని అమ్మే క్లాంపుల్లో చాలావాటికి పట్టీ మాత్రమే స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము. ఏడాది తిరక్కుండా స్క్రూ తుప్పు పట్టి విరుగుతుంది, మెరుస్తున్న పట్టీ మాత్రం మనల్ని మోసం చేస్తూ అక్కడే ఉంటుంది. షాపుకి చిన్న అయస్కాంతం తీసుకెళ్ళి స్క్రూకి తాకించండి. గట్టిగా అంటుకుంటే వేరేది అడగండి. 316 గ్రేడు దొరికితే ఇంకా మంచిది.

పని ఇలా చేయండి. ఎల్బో వచ్చేదాకా సాఫ్ట్‌నర్‌ని బైపాస్‌లో పెట్టి (నీరు దానిలోకి పోకుండా పక్కనుంచి వెళ్ళేలా వాల్వు తిప్పి) ఇంట్లో బోరు నీళ్ళే వాడుకోవచ్చు, కంగారేం లేదు. మీ బోరు హార్డ్‌నెస్ లీటరుకి 450 మిల్లీగ్రాములు అన్నారు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో 200 దాకా మంచిదని, వేరే నీరు లేకపోతే 600 దాకా ఫరవాలేదని ఉంది. నాలుగు రోజులకి గీజర్‌కేమీ కాదు. నాలుగు నెలలు అలాగే వదిలేస్తే మాత్రం దాని కాయిల్ మీద సున్నం గారలా పేరుకుంటుంది.

ఎల్బో మార్చే రోజున మొదట ప్రెషర్ పంపు ఆపండి, బైపాస్ పెట్టండి. బైపాస్ పెట్టినంత మాత్రాన ట్యాంకులో చిక్కుకున్న ప్రెషర్ పోదు. మాన్యువల్ రీజనరేషన్ నొక్కి, బ్యాక్‌వాష్ స్థానానికి రాగానే పైపులోంచి కాసిని నీళ్ళు చిమ్మి ఆగిపోతాయి. ఆగాక సర్వీస్ స్థానానికి, అంటే మామూలుగా నీళ్ళిచ్చే స్థానానికి తిప్పి కరెంటు ప్లగ్గు తీసేయండి. చెయ్యి లోపల ఉండగా మోటారు తిరిగితే బాగుండదు.

పాత పైపు నిపుల్ మీద నుంచి రాకపోతే లాగి గుంజకండి. బ్లేడుతో పొడుగునా గాటు పెట్టి విప్పండి, చివర రెండు అంగుళాలు కోసేస్తే తాజా పైపు వస్తుంది. ఎల్బోని హెడ్డుకి పట్టి ఉంచేది సాధారణంగా యూ ఆకారం క్లిప్పు. దాన్ని నిటారుగా పైకి లాగాలి. అది ఎగిరి పక్కింటి మేడ మీద పడకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టండి, నాకు ఒకసారి పడింది. ఎల్బోని మెల్లిగా అటూ ఇటూ తిప్పుతూ బయటికి తీయండి. ఫోటో, బిళ్ళ, మళ్ళీ ఫోటో.

హెడ్డు రంధ్రాన్ని శుభ్రమైన బట్టతో తుడిచి, లోపల వేలు పెట్టి తిప్పండి. గరుకు తగిలితే అది పాత ఓ-రింగు ముక్కో, ఉప్పు రవ్వో. కొత్త ఓ-రింగుకి గ్రీజు సన్నగా, మెరుపు కనిపించేంత చాలు. దాన్ని గాడిలో కూర్చోబెట్టి, బిళ్ళని ఫోటోలో ఉన్నట్టే పెట్టి, ఎల్బోని నేరుగా నొక్కండి. ఓ-రింగు ఉన్న చోట టెఫ్లాన్ టేపు చుట్టకండి, మన ప్లంబర్లకి అది చేతి అలవాటుగా వచ్చేస్తుంది. టేపు మర ఉన్న చోటకే. అక్కడ కూడా చేత్తో బిగించాక పానాతో ఒక్క చిన్న తిప్పు, అంతే. క్లిప్పు చివరిదాకా దిగిందో లేదో ఎల్బోని పట్టుకుని గట్టిగా లాగి చూడండి. సగం దిగిన క్లిప్పు మొదటి బ్యాక్‌వాష్‌లోనే ఎల్బోని తుపాకీ గుండులా వదులుతుంది.

పైపు చివరని వేడినీళ్ళ గ్లాసులో ఒక నిమిషం ముంచితే మెత్తబడి నిపుల్ మీదకి సులువుగా ఎక్కుతుంది. నిపుల్ మెట్లన్నీ కప్పేదాకా తొడగాలి. లైటర్‌తో కాల్చకండి. క్లాంపు పైపు అంచు మీద కాక, మెట్ల మధ్యలోకి వచ్చేలా బిగించండి. పైపు బరువంతా ఎల్బో మీద వేలాడకుండా గోడకి ఒక క్లిప్పు కొట్టించండి. విరిగిన ఎల్బోల్లో నేను చూసినవాటికి ఎక్కువగా కారణం ఈ వేలాడే బరువు, మీద పడే ఎండ. షెడ్డు ఉందన్నారు కానీ సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా దాని మీద పడుతుందేమో చూడండి.

పైపు అవతలి చివర ఎక్కడుందో మీరు రాయలేదు. డ్రైనేజీ పైపు లోపలికి దోపి ఉంటే ఇప్పుడే బయటికి తీయండి. పైపు చివరకీ, మురుగు తూముకీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే ఎప్పుడైనా వాక్యూమ్ వస్తే మురుగు వెనక్కి లాక్కునే ప్రమాదం ఉంది. పైపు ఎక్కడా నులుముకోకూడదు. డ్రెయిన్ సరిగ్గా పోకపోతే హెడ్డు ఉప్పునీళ్ళని లాగలేదు, రీజనరేషన్ అయినా నీరు హార్డుగానే వస్తుంది. రెసిన్ చచ్చిపోయిందని అమ్మేవాళ్ళు చెప్పే కేసుల్లో కొన్ని ఇలాంటి నొక్కుకున్న పైపులే. ఆ నీళ్ళు మొక్కల్లోకి వదలొద్దు, మా కరివేపాకు చెట్టు అలాగే పోయింది. వాన నీటి గుంతలోకైతే అస్సలు వద్దు, ఆ ఉప్పు మళ్ళీ మీ బోరులోకే వస్తుంది.

అన్నీ బిగించాక ప్లగ్గు పెట్టి, బ్యాక్‌వాష్ స్థానంలో ఉంచి, పంపు వేసి, బైపాస్ వాల్వుని సాఫ్ట్‌నర్ వైపుకి పావు వంతు మాత్రమే తెరవండి. ట్యాంకులోని గాలి బుసబుసమంటూ పైపులోంచి పోతుంది. ఒక్కసారిగా తెరిస్తే ఆ గాలి రెసిన్‌ని కూడా లేపుకుపోతుంది. నీరు ధారగా వచ్చాక పూర్తిగా తెరవండి. ఇప్పుడు బకెట్ పరీక్ష: పైపు చివర 15 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. 2.4 బిళ్ళయితే నిండటానికి ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర పట్టాలి. అర నిమిషానికే నిండిందంటే బిళ్ళ లేదు, లేదా సరిగ్గా కూర్చోలేదు, వెంటనే ఆపండి. నాలుగు నిమిషాలు పట్టిందంటే ఎక్కడో అడ్డు ఉంది, లేదా పంపు ప్రెషర్ చాలడం లేదు. బకెట్ అడుగున తేనె రంగు గింజలు నాలుగైదు కనిపిస్తే భయపడకండి, గుప్పెడు వస్తే ఆపి నాకు రాయండి. అవే గింజలు ఇంట్లో కుళాయిల్లో వస్తే మాత్రం ఈ ఎల్బోకి సంబంధం లేదు, ట్యాంకు అడుగున ఉండే జల్లెడ విరిగినట్టు.

ప్లగ్గు తీశారు కాబట్టి గడియారం సరిచేయడం మర్చిపోకండి. హుద్‌హుద్ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక మా వీధిలో ఒకాయన మెషీన్ టైమ్ తప్పిపోయింది. ఆయన పొద్దున్న ఎనిమిదింటికి స్నానం చేస్తుంటే అది రీజనరేషన్ మొదలెట్టేది, బోరు నీళ్ళు నేరుగా వచ్చేవి. నెలరోజులు సబ్బుని తిట్టుకున్నాడు.

మొదటి రెండు రీజనరేషన్ల తర్వాత ఎల్బో కింద న్యూస్‌పేపర్ పరిచి పొద్దున్నే చూడండి. కాగితం పొడిగా ఉంటే పని అయినట్టే. ఎల్బో దొరక్కపోయినా, బిళ్ళ మీద అంకె చెరిగిపోయి ఉన్నా, ట్యాంకు చుట్టుకొలత, హెడ్డు ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.